పాత కాలపు పోర్ట్రెయిట్ లుక్: సెపియా నొక్కేముందు చేయాల్సిన పని

సెపియా ఫిల్టర్ ఒక్కటి నొక్కితే ఫొటో గోధుమ రంగులోకి మారుతుంది. అంతేగానీ పాతబడదు. నేనూ మొదట్లో అదే చేసేవాణ్ణి. నొక్కగానే బాగానే అనిపించేది, మర్నాడు చూస్తే ఫోన్ ఫొటోకి టీ డికాషన్ పట్టించినట్టుండేది. తేడా ఎక్కడ కొడుతోందో చాలా రోజులు పట్టుకోలేకపోయాను. చివరికి 1860ల నాటి అసలు ఫొటో స్కాన్ ఒకటి తెరిచి, నేను చేసిన దాన్ని పక్కన పెట్టి, ముఖం ముఖం పోల్చి చూశాక అర్థమైంది. రంగు ఆఖర్న వచ్చే సంగతి. అంతకంటే ముందు, అప్పట్లో ఫొటో తీసే గాజు ప్లేటు ఎర్రటి వెలుగును అసలు పట్టుకోలేదు. ఆ లెన్సు నడి మధ్యలో పదునుగా, అంచుల్లో మెత్తగా గీసింది. ఆ కాగితం ఏళ్ల తరబడి పసుపెక్కింది. ఈ మూడూ లేకుండా ఎంత గోధుమ రంగు పూసినా లాభం లేదు.

కాబట్టి నా పద్ధతి ఒకటే. పాత ఫొటోకి నిజంగా ఏమేం జరిగిందో, మన ఫొటోకీ అదే జరిగేలా చూడాలి. నేను చెప్పేదంతా గింప్ 2.10లో చేసింది. గింప్ ఫొటోలు సవరించే ఉచిత సాఫ్ట్‌వేర్, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది. ఫొటోషాప్ వాడేవాళ్లకీ ఇదే దారి పనికొస్తుంది, పేరు తేడా ఉన్నచోట చెబుతాను. ఫోన్‌లో చేయాలంటే లేయర్లు (ఒకదాని మీద ఒకటి పేర్చే పొరలు), మాస్కులు (పొరలో కొంత భాగాన్ని దాచే తెర), కర్వ్స్ (వెలుగు నీడలు సవరించే గీత) ఉన్న యాప్ కావాలి.

ముందు ఏ కాలం ఫొటో కావాలో తేల్చుకోండి

"పాత ఫొటో" అంటే ఒకటి కాదు. 1839లో లోకానికి తెలిసిన డాగెరోటైప్ వెండి పూత పూసిన రాగి రేకు మీద వచ్చేది, అద్దంలా మెరిసేది. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన సయనోటైప్ పూర్తిగా నీలం. 1920ల నాటి ఫిల్మ్ ఫొటో వీటన్నిటికీ వేరు. ఒకే బొమ్మలో వీటన్నిటినీ కలిపేస్తే చూసేవాళ్లకి కారణం తెలియకపోయినా ఏదో అతకలేదని మాత్రం తెలిసిపోతుంది.

మనం చేయబోయేది 1860 నుంచి 1880 దాకా స్టూడియోల్లో తీసిన రకం. పాత ఫొటో అనగానే చాలామంది కళ్లముందు మెదిలేది ఇదే. దాని వెనక రెండు సంగతులున్నాయి. ఒకటి, ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ 1851లో ప్రకటించిన తడి కొలోడియన్ గాజు ప్లేటు. రెండోది, బ్లాంకార్ ఎవ్రార్ 1850లో తెచ్చిన ఆల్బ్యుమెన్ కాగితం, అంటే గుడ్డు తెల్లసొన పూసిన కాగితం. గాజు మీద నెగెటివ్ (వెలుగు నీడలు తారుమారైన బొమ్మ), తెల్లసొన కాగితం మీద ప్రింటు. ఈ రెండింటినీ మనసులో పెట్టుకుంటే కింద చెప్పే ప్రతి అంకె ఎందుకో మీకే తెలుస్తుంది.

ఫొటో ఎంపిక

సగం పని ఇక్కడే అయిపోతుంది. వెలుగు ఒక పక్క నుంచి, కిటికీలోంచి పడినట్టు మెత్తగా రావాలి. ఫ్లాష్ కొట్టిన ఫొటో వద్దు. మనిషి నడుము పైవరకో, కూర్చున్నట్టో ఉంటే మంచిది. వెనక సాదా గోడ గానీ తెర గానీ ఉండాలి. పళ్లు కనిపించే నవ్వు వద్దు. అప్పట్లో ప్లేటు మీద వెలుగు పడటానికి కొన్ని సెకన్లు పట్టేది, అంతసేపు నవ్వు నిలవదు. తల కదలకుండా వెనక ఇనప స్టాండు ఆనించి కూర్చోబెట్టేవాళ్లు. ఆ నిశ్చలత ముఖంలో కనిపించాలి. మీరే కొత్తగా తీసేటట్టయితే, ఎదుటి మనిషిని పది సెకన్లు కదలకుండా కూర్చోమని, ఏడో సెకనులోనో ఎనిమిదో సెకనులోనో నొక్కండి. ముఖం దానంతటదే ఆ భంగిమలోకి వస్తుంది. నేను చూసినంతలో ఏ ఫిల్టరూ ఇవ్వలేనిది ఇదే.

చర్మాన్ని నున్నగా చేసే బ్యూటీ మోడ్ ఆపేసి తీయండి. ఆ మోడ్‌లో తీసిన ఫొటోలో చర్మం వివరం ఉండదు, లేని వివరాన్ని తర్వాత తెప్పించలేం. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో కాకుండా అసలు ఫైలు తీసుకోండి. దానికి కారణం నలుపు తెలుపు చేసేచోట చెబుతాను.

ఫొటోకి కాపీ తీసి పెట్టుకుని, ఆ కాపీనే గింప్‌లో తెరవండి. క్రాప్ టూల్‌లో ఫిక్స్‌డ్ యాస్పెక్ట్ రేషియో దగ్గర 54:89 అని వేయండి. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ డిస్డెరి 1854లో పేటెంటు తీసుకున్న కార్ట్ ద విజిట్ అనే చిన్న కార్డు ఫొటో సుమారుగా 54 మి.మీ. వెడల్పు, 89 మి.మీ. ఎత్తు ఉండేది. క్రాప్ అయ్యాక ఇమేజ్ మెనూలో స్కేల్ ఇమేజ్‌కి వెళ్లి వెడల్పు 1600 పిక్సెళ్లు చేయండి. కింద ఇచ్చే కొలతలన్నీ ఈ సైజుకి సరిపోయేవి. పెద్ద ఫొటో మీద చేస్తే ఆ లెక్కన పెంచుకోవాలి.

చేతి గడియారం, ఇయర్‌ఫోన్లు, జిప్పు, చొక్కా మీది కంపెనీ గుర్తు లాంటివి, పక్క భాగాన్ని కాపీ చేసి కప్పే క్లోన్ టూల్‌తో చెరిపేయండి. గోడ మీద స్విచ్చులుంటే అవీ తీసేయండి.

నలుపు తెలుపు: అసలు కిటుకు

తడి కొలోడియన్ ప్లేటు నీలం, ఊదా, అతినీల వెలుగుకి మాత్రమే స్పందించేది. ఎరుపు దానికి చీకటితో సమానం. ఎర్ర బట్ట నల్లగా వచ్చేది. పెదవులు ముదురుగా, చర్మం మీది మచ్చలు కొట్టొచ్చినట్టు పడేవి. నీలి కళ్లు దాదాపు తెల్లగా, నీలాకాశం ఉత్త తెలుపుగా వచ్చేవి. హెర్మన్ ఫోగెల్ 1873లో ప్లేటుకి రంగు అద్దకం కలిపి ఆకుపచ్చ వెలుగుని కూడా పట్టుకునేలా చేసేదాకా ఇదే పరిస్థితి. రంగులు తీసేసే మామూలు డీశాచురేట్ నొక్కితే ఇదేమీ జరగదు. ఇప్పటి కంటికి నచ్చే నలుపు తెలుపు ఫొటో వస్తుంది, అంతే.

గింప్‌లో కలర్స్ మెనూ తెరిచి, కాంపొనెంట్స్‌లో మోనో మిక్సర్ తీసుకోండి. ఫొటోషాప్‌లో అయితే ఛానల్ మిక్సర్ తెరిచి మోనోక్రోమ్ అన్నచోట టిక్ పెట్టాలి. మూడు స్లైడర్లుంటాయి. రెడ్ సున్నా చేయండి. గ్రీన్ 0.3, బ్లూ 0.7 వేసి చూడండి. ఫొటోషాప్‌లో ఇవే 0, 30, 70 శాతం. ముఖం కళ్లముందే మారిపోతుంది. పెదవులు నిండుగా ముదురెక్కుతాయి, బుగ్గల మీద ఎండ ఛాయలు పైకి తేలుతాయి, కనుబొమలు బరువెక్కుతాయి. ఇంకా ఒక్క చుక్క గోధుమ రంగు పడకుండానే ఆ మనిషి వేరే శతాబ్దంలోకి వెళ్లిపోయినట్టుంటుంది.

చామనఛాయ, నలుపు ఛాయ ముఖాలకి మాత్రం ఈ అంకెలు గుడ్డిగా వాడొద్దు. ఆ చర్మంలో నీలం వెలుగు తక్కువగా ఉంటుంది కాబట్టి ముఖం మరీ చీకటిలోకి పోయి, కళ్లు, ముక్కు దగ్గర వివరం కలిసిపోతుంది. అలాంటప్పుడు గ్రీన్ 0.6, బ్లూ 0.4 దగ్గర మొదలుపెట్టండి. తర్వాత కర్వ్స్‌లో మధ్య భాగాన్ని కొంచెం పైకి లాగితే ముఖం తేటపడుతుంది. మనిషి ముఖం మనిషి ముఖంలా ఉండటం నాకు రసాయన శాస్త్రం కంటే ముఖ్యం.

వాట్సాప్ ఫొటో వద్దని ఎందుకన్నానంటే, పంపేటప్పుడు అది జేపెగ్ రకం ఫైలుగా బాగా నలుగుతుంది, ఆ కుదింపులో రంగుల వివరమే ముందు పోతుంది, అందులోనూ నీలం ఛానల్ బాగా దెబ్బతింటుంది. బాగా నలిగిన ఫైల్లో బ్లూ స్లైడర్ పెంచగానే బుగ్గ మీద చిన్న చిన్న చదరపు గళ్లు బయటపడతాయి. అవి కనిపిస్తే బ్లూ తగ్గించి గ్రీన్ పెంచండి. అప్పటికీ పోకపోతే ఆ ఫొటో ఈ పనికి రాదు, వేరేది చూసుకోండి.

మచ్చలు మరీ ఎక్కువైతే హీల్ టూల్‌తో కొన్ని తగ్గించడం తప్పేమీ కాదు. అప్పటి స్టూడియోల్లోనూ సన్నటి పెన్సిల్‌తో నెగెటివ్ మీద రీటచింగ్ చేసేవాళ్లు. అన్నీ తుడిచేయకండి, ముఖం బొమ్మలా అయిపోతుంది.

కళ్లని దగ్గరగా చూడండి

200 శాతానికి జూమ్ చేసి కంటిపాప దగ్గరికి వెళ్లండి. అక్కడ ఒక తెల్లటి మెరుపు ఉంటుంది. రింగ్ లైట్ ముందు తీసిన ఫొటో అయితే అది గుండ్రటి గాజులా ఉంటుంది. ఫోన్ ఫ్లాష్ అయితే సూది మొనంత చుక్క. 1870ల స్టూడియోల్లో మామూలుగా కరెంటు దీపాలు ఉండేవి కావు. పైకప్పుకీ పక్క గోడకీ పెద్ద గాజు పలకలు అమర్చి ఆ పగటి వెలుగులో తీసేవాళ్లు. అందుకే ఆ కళ్లలో మెరుపు కాస్త వెడల్పుగా, పైభాగంలో, మెత్తటి అంచులతో ఉంటుంది.

క్లోన్ టూల్‌తో రింగ్‌ని చెరిపేయండి, పక్కనున్న కంటిపాప ముదురునే తెచ్చి కప్పండి. తర్వాత కొత్త లేయర్ తీసుకుని, మెత్తటి చిన్న బ్రష్‌తో, లేత బూడిద రంగులో పాప పైభాగాన ఒక్క మచ్చ పెట్టండి. వెలుగు ఎడమ నుంచి వస్తుంటే కాస్త ఎడమకి. రెండు కళ్లలోనూ ఒకే వైపు. ఆ లేయర్ ఒపాసిటీ (పొర ఎంత గట్టిగా కనిపించాలో చెప్పే అంకె) 70 శాతం దగ్గర ఆపండి. చాలామంది ఈ పని వదిలేస్తారు. కానీ ఎవరైనా ముఖంలో ముందు చూసేది కళ్లే, మోసం దొరికిపోయేదీ అక్కడే.

లెన్సు

జోసెఫ్ పెట్స్‌వాల్ 1840లో రూపొందించిన పోర్ట్రెయిట్ లెన్సుని, దాని నమూనాల్నీ దశాబ్దాల పాటు స్టూడియోల్లో వాడారు. మధ్యలో చాలా పదును, అంచులకి పోయేకొద్దీ మసక, ఆ మసక కూడా సుడి తిరిగినట్టుగా ఉంటుంది. ఈ ఎఫెక్ట్ తేలికే.

ముందు లేయర్ మెనూలో న్యూ ఫ్రమ్ విజిబుల్ నొక్కి ఇంతవరకూ చేసినదంతా ఒక లేయర్‌గా చేసుకోండి. దానికి డూప్లికేట్ తీయండి. పై కాపీకి ఫిల్టర్స్‌లో బ్లర్, అందులో సర్క్యులర్ మోషన్ బ్లర్ ఇవ్వండి. కోణం 3 డిగ్రీలు, కేంద్రం సరిగ్గా ముఖం మీద. ఆపైన గాసియన్ బ్లర్ 4 పిక్సెళ్లు. ఇప్పుడు ఆ లేయర్‌కి తెల్ల మాస్క్ కలిపి, ఎలిప్స్ సెలెక్ట్ టూల్‌తో తల, మెడ, ఛాతీ పైభాగం పట్టేలా అండాకారం గీయండి. సెలెక్ట్ మెనూలో ఫెదర్ (అంచుని మెత్తబరిచేది) 200 పిక్సెళ్లు ఇచ్చి, మాస్క్ మీద నలుపు నింపండి. ముఖం పదునుగా మిగిలి, భుజాల నుంచి బయటికి క్రమంగా కరిగిపోతుంది. తర్వాత సెలెక్ట్ మెనూలో నన్ నొక్కడం మరిచిపోకండి. లేకపోతే తర్వాత చేసే ప్రతిదీ ఆ అండాకారంలోనే పడుతుంది.

చేతులు కనిపిస్తుంటే ఒక చిన్న పని చేయండి, నాకు చాలా ఇష్టమైనది. కొన్ని సెకన్లు కూర్చున్నప్పుడు తల కదలకపోయినా వేళ్లు కాస్త కదులుతాయి. ఫ్రీ సెలెక్ట్ టూల్‌తో ఒక చేతి వేళ్లని మాత్రం చుట్టి, ఫెదర్ 20 ఇచ్చి, లీనియర్ మోషన్ బ్లర్ 6 పిక్సెళ్లు ఇవ్వండి. ఒక్క చేతికే. ఆ మనిషి నిజంగా కెమెరా ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టు అనిపిస్తుంది.

గ్రెయిన్ గురించి ఒక మాట

పాత ఫొటో అనగానే గరగరగా నాయిస్ (చిన్న చిన్న చుక్కలు) చల్లేయమని చెప్పే పాఠాలు చాలా చూశాను. ఈ కాలం ఫొటోకి అది తప్పు. కొలోడియన్ ప్లేటులో కంటికి కనిపించే గ్రెయిన్, అంటే ఆ గరగర, దాదాపు ఉండదు. పైగా ప్రింటు సైజే నెగెటివ్ సైజు. కాగితాన్ని గాజుకి ఆనించి ఎండలో పెట్టి ప్రింటు తీసేవాళ్లు, పెద్దది చేయడం లేదు, గ్రెయిన్ సాగడం లేదు. మంచి స్థితిలో ఉన్న అసలు ప్రింటుని భూతద్దంతో చూస్తే కనురెప్ప వెంట్రుకలు విడివిడిగా లెక్కపెట్టొచ్చు. గరగర చిన్న ఫిల్మ్‌ని పెద్దది చేసిన తర్వాతి కాలపు ఫొటోలది. ముఖం మొత్తం మసకబార్చడం కూడా ఇలాంటి పొరపాటే. నాయిస్ ఫిల్టర్ జోలికి పోకండి.

ఇప్పుడు రంగు

ఆల్బ్యుమెన్ ప్రింటులో ఒకే గోధుమ రంగు అంతటా పరుచుకుని ఉండదు. చీకటి భాగాలు ఊదా కలిసిన ముదురు గోధుమ. తెల్లటి భాగాలు వయసు మీదపడ్డ తెల్లసొన వల్ల మీగడ పసుపు. పూర్తి నలుపు, పూర్తి తెలుపు రెండూ ఉండవు. సెపియా ఫిల్టర్ ఈ రెండు కొసల తేడా చూపించదు, అందుకే గ్రేడియంట్ మ్యాప్ వాడదాం.

ముందు పై లేయర్ల మీద మళ్లీ న్యూ ఫ్రమ్ విజిబుల్ తీసుకోండి. ఇమేజ్ మెనూలో మోడ్ ఆర్‌జీబీగా ఉందో లేదో చూసుకోండి, గ్రేస్కేల్‌లో ఉంటే రంగు పడదు. ఫోర్‌గ్రౌండ్ రంగుకి ఎరుపు 45, ఆకుపచ్చ 27, నీలం 28 వేయండి. బ్యాక్‌గ్రౌండ్ రంగుకి ఎరుపు 241, ఆకుపచ్చ 228, నీలం 198. రంగుల పెట్టెలో అంకెలు 0 నుంచి 100 దాకా చూపిస్తుంటే 0 నుంచి 255కి మార్చుకోండి. గ్రేడియంట్ల జాబితాలో ఎఫ్‌జీ టు బీజీ ఆర్‌జీబీ అన్నది ఎంచుకుని, కలర్స్ మెనూలో మ్యాప్, అందులో గ్రేడియంట్ మ్యాప్ నొక్కండి. చీకటి నుంచి వెలుగు దాకా రెండు రంగుల మధ్య సాఫీగా సర్దుకుంటుంది.

మరీ గాఢంగా అనిపిస్తే ఈ లేయర్ ఒపాసిటీని 85 శాతానికి దించి, కింది నలుపు తెలుపుని కాస్త తొంగిచూడనివ్వండి. తర్వాత కర్వ్స్ తెరిచి మధ్యభాగాన్ని సవరించండి. బుగ్గ మీద వెలుగు పడే పక్కకీ నీడ పక్కకీ మధ్య కనీసం మూడు నాలుగు మెట్ల ఛాయలు కనిపించాలి. రెండే ఛాయలుంటే కాంట్రాస్ట్ ఎక్కువైందని గుర్తు.

అంచులు కరిగించడం

చుట్టూ నల్లగా ముసిరే విగ్నెట్ అందరూ వేసేది. స్టూడియో పోర్ట్రెయిట్లలో దీనికి తిరగబడ్డ రకం ఎక్కువగా కనిపిస్తుంది. తల, భుజాలు మాత్రం ఉండి, చుట్టూ అంతా కాగితం తెలుపులోకి కరిగిపోతుంది. ప్రింటు తీసేటప్పుడు అండాకారపు కన్నం ఉన్న అట్టని అడ్డుపెట్టి అది సాధించేవాళ్లు. నడుము పైవరకే ఉన్న ఫొటోకి ఇది చాలా అందంగా అమరుతుంది.

కొత్త లేయర్ తీసుకుని, తల భుజాల చుట్టూ కాస్త వదులుగా అండాకారం గీసి, ఫెదర్ 250 ఇవ్వండి. సెలెక్ట్ మెనూలో ఇన్వర్ట్ నొక్కి, ఇందాకటి మీగడ పసుపుతో నింపండి. ఛాతీ కింద ఇంకా గట్టిగా తెగినట్టుంటే, పెద్ద మెత్తటి బ్రష్‌తో అదే రంగు ఒకటి రెండు సార్లు అద్దండి. కూర్చున్న నిండు ఫొటో అయితే ఇది వదిలేయండి, అంచులు కాస్త వెలవెలబోతే చాలు.

వయసు

ఇక్కడ చెయ్యి ఆపుకోవాలి. గీతలు, చిరుగులు, మడతలు, మరకలు అన్నీ ఒకేసారి వేస్తే ముఖం వెనక్కి పోయి పాడైన కాగితమే మిగులుతుంది. నేను రెండే వేస్తాను.

ఒకటి కాగితం. పాత పుస్తకంలో రాత లేని పేజీ ఒకటి తీసుకుని, మబ్బు వెలుగులో ఫొటో తీయండి. దాన్ని పై లేయర్‌గా తెచ్చి, డీశాచురేట్ చేసి, లేయర్ మోడ్ మల్టిప్లై (కింది బొమ్మని ముదురు చేస్తూ కలిసేది), ఒపాసిటీ 20 శాతం. బొమ్మ ముదురెక్కితే ఈ లేయర్‌కే కర్వ్స్‌లో వెలుగు పెంచండి. రెండోది తేమ మచ్చలు. కొత్త లేయర్‌లో, అదే మల్టిప్లై మోడ్‌లో, లేత గోధుమ రంగుతో మూడో నాలుగో చిన్న చుక్కలు, ఒక్కొక్కటి ఒక్కో సైజులో, అంచుల దగ్గర మాత్రమే. ముఖం మీద ఒక్కటి కూడా వద్దు.

గింప్‌లో ఫిల్టర్స్, డెకార్‌లో ఓల్డ్ ఫొటో అని రెడీమేడ్ ఫిల్టర్ ఒకటుంది. మసక, సెపియా, మచ్చలు అన్నీ ఒక్క నొక్కుతో వేస్తుంది. టైమ్ లేనప్పుడు పర్వాలేదు. కాకపోతే ముఖానికీ గోడకీ తేడా చూడదు, ప్లేటు సంగతి దానికి పట్టదు.

కార్డు, ప్రింటు

ఆల్బ్యుమెన్ కాగితం పల్చన, ఊరికే చుట్టుకుపోయేది. అందుకే మందపాటి అట్ట మీద అంటించేవాళ్లు. ఆ అట్ట సుమారుగా 64 మి.మీ. వెడల్పు, 100 మి.మీ. ఎత్తు. మన లెక్కలో 1896, 2963 పిక్సెళ్లు అవుతుంది. ఇమేజ్ మెనూలో క్యాన్వాస్ సైజ్‌లో ఆ అంకెలు వేసి, ఫొటోని వెడల్పులో సరిగ్గా మధ్యకి, ఎత్తులో కాస్త పైకి జరపండి. అడుగున జాగా ఎక్కువ మిగలాలి, స్టూడియో పేరు అచ్చేసేది అక్కడే. లేని స్టూడియో పేరు కల్పించి రాయకండి, ఖాళీగా ఉన్నా బాగుంటుంది. కింద ఒక లేయర్ వేసి ఫొటో తెలుపు కంటే ఒక ఛాయ ముదురు మీగడ రంగు నింపండి.

గింప్ సొంత ఫైలు రకమైన ఎక్స్‌సీఎఫ్‌గా ఒకసారి సేవ్ చేసి, లేయర్లు పోకుండా పెట్టుకోండి. తర్వాత ఎక్స్‌పోర్ట్ యాజ్‌తో జేపెగ్, క్వాలిటీ 92. ఫైలు పేరులోనే ఇది కొత్తగా చేసిందని తెలిసేలా ఏదైనా కలపండి. మీ ఫొటో చేతులు మారి, పదేళ్ల తర్వాత ఎవరింట్లోనో ముత్తాత ఫొటోల్లో కలిసిపోతే, వెతుక్కునేవాళ్లకి అనవసరపు టెన్షన్.

ప్రింట్ సైజ్‌లో వెడల్పు 64 మి.మీ. అని వేసి, అసలు కార్డు సైజులోనే ప్రింటు తీయండి. మెరిసే గ్లాసీ కాగితం వద్దు, కొద్దిగా నునుపున్న శాటిన్ రకం చాలు. కాగితం మీద బొమ్మ స్క్రీన్ మీదకంటే ముదురుగా వస్తుంది. నా మొదటి ప్రింటులో నీడ పక్క కన్ను కనిపించకుండా పోయింది. అందుకే ముందు ఒక్కటే తీసి, పగటి వెలుగులో కిటికీ దగ్గర పట్టుకుని చూడండి. జుట్టులో పాయలు కలిసిపోయి ఒకే ముద్దలా ఉంటే కర్వ్స్‌లో ముదురు వైపు పావు భాగాన్ని కాస్త పైకి లాగి, మళ్లీ తీయండి.